గుండ్రమైపోయిన డ్రెయిన్ బోల్టు

ఇంజిన్ అడుగున పాత ఆయిల్ కార్చడానికి ఉండే డ్రెయిన్ బోల్టు ఊడనంటే మొదట చేయాల్సిన పని పానా కింద పెట్టేయడం. టార్చి వేసి బోల్టు తలను తీరిగ్గా చూడాలి. బండి చుట్టూ చేరేవాళ్లలో ఈ మాట చెప్పేవాళ్లు కనబడరు. "ఇంకొంచెం బలంగా పట్టు" అనేవాళ్లే అందరూ. ఆ ఇంకొంచెం బలమే బోల్టు మూలలు అరగదీసి తలను గుండ్రంగా చేస్తుంది.

నా దగ్గరున్నది పాత హీరో హోండా స్ప్లెండర్. అసలు మా బావది. ఏపీ 02 నంబరు, హిందూపురంలో ఏళ్ల తరబడి తిరిగిన బండి. బావ కొత్తది కొన్నాక దీన్ని నేను బెంగళూరు తెచ్చుకున్నాను. బయటి రాష్ట్రం నంబరుతో ఇక్కడ తిరగడం వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోను. కేఆర్ పురంలో మేమున్న ఇంటి కింద కాస్త జాగా ఉంది. అక్కడే ఆయిల్ మార్చేద్దామని కూర్చున్నాను.

ఈ బండికి ఆయిల్ మార్చడం నిజానికి చాలా తేలిక. 97.2 సీసీ ఇంజిన్, మార్చేటప్పుడు పట్టే ఆయిల్ దాదాపు 900 మిల్లీలీటర్లు. కార్లలో మాదిరి తీసి పారేసే ఫిల్టరు లేదు. కుడివైపు కవరు లోపల తిరుగుతూ మురికిని అంచుకు నెట్టే ఫిల్టరు ఒకటి, ఒక జల్లెడ, అంతే. వాటిని ప్రతిసారీ ముట్టుకోనక్కర్లేదు. ఇంజిన్ కాస్త వెచ్చబెట్టి, అడుగున ఉన్న బోల్టు విప్పి, కారనిచ్చి, మళ్లీ బిగించి పైన కొత్తది పోయాలి.

ఆ బోల్టు 12 ఎంఎం లావు, తల 17 సైజు. టార్చి వేసి చూస్తే ఆరు మూలల్లో రెండు మాత్రమే మూలల్లా ఉన్నాయి. మిగతావి ఎప్పుడో అరిగి నున్నబడ్డాయి. ఒక పక్కన ఉలితో కొట్టిన గంట్లు కూడా కనిపించాయి. వాషరు చుట్టూ బూడిదరంగులో ఏదో అట్టకట్టి ఉంది. బురద ఎండిందేమో అనుకున్నాను.

మూలలు ఎందుకు పోతాయో చెప్పాలి, ఎందుకంటే దీనికి కారణం ఎక్కువగా బలం కాదు, సైజు. రోడ్డు పక్క షెడ్లలో పాత పానాల పెట్టెలు తెరిచి చూడండి, మిల్లీమీటరు పానాలూ అంగుళాల పానాలూ కలిసిపోయి ఉంటాయి. 11/16 అంగుళం అంటే 17.46 మిల్లీమీటర్లు. 17 తలకు అది సులువుగా దూరుతుంది, సరిపోయినట్టే ఉంటుంది. ఆ అర మిల్లీమీటరు ఖాళీ చాలు. పైగా మామూలు రింగు పానా లోపల పన్నెండు పళ్లుంటాయి, అవి పట్టేది మూలల అంచుల్నే. లోపల ఆరు పలకలున్న సాకెట్ అయితే పలక మీదే ఒత్తుతుంది, మూలను కొరకదు. డ్రెయిన్ బోల్టు దగ్గరికి ఆరు పలకల సాకెట్ లేకుండా వెళ్లకూడదని నా అభిప్రాయం. బెంగళూరులో ఎస్‌జేపీ రోడ్డులో ఏ టూల్స్ షాపులో అడిగినా ఇస్తారు.

ఇంకో పాత తప్పు తిప్పే దిక్కు. కింద పడుకుని చూస్తున్నాం కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయని లెక్కేసి, బిగించే వైపే బలమంతా పెట్టేవాళ్లను చూశాను. బోల్టు తల మన ముఖం వైపు ఉన్నంతసేపు మనం ఎలా పడుకున్నా ఒకటే, గడియారానికి ఎదురు తిప్పితేనే వదులవుతుంది.

నా ఆరు పలకల సాకెట్ తొడిగి నెమ్మదిగా బలం పెట్టగానే జారబోయింది. అక్కడే ఆపేశాను. ఎందుకంటే పాడైన బోల్టు విషయంలో ఒక లెక్కుంది. జారిన ప్రతిసారీ కొంత ఇనుము పోతుంది, ఆ పోయిన ఇనుము తర్వాత వాడే పనిముట్టుకు కావాల్సిన పట్టు. అందుకే తేలిక పద్ధతి నుంచి కఠినమైన పద్ధతికి వరసగా వెళ్లడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ, కాదు. తర్వాతి దారిని మూసేయని ప్రయత్నాలే చేయాలి.

పక్కింటాయన డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చిచ్చాడు. మంచి మనిషి, కొట్టకపోతే బాధపడతాడని కొట్టాను. దానివల్ల ప్రయోజనం ఉంటుందని మాత్రం అనుకోలేదు. డ్రెయిన్ బోల్టు మరలు లోపలినుంచి ఎప్పుడూ ఆయిల్‌లోనే నానుతుంటాయి. సైలెన్సర్ బోల్టుల్లా తుప్పు పట్టి బిగుసుకునే రకం కాదు ఇది. ఊడటం లేదంటే ఎవరో అతిగా బిగించి ఉండాలి, లేదా మరలు పాడై ఒకదాన్నొకటి కరుచుకుని ఉండాలి. ఈ రెంటికీ డబ్బాలో మందు లేదు.

ఈలోగా ఆయిల్ సంగతి చూశాను. మెడికల్ షాపులో పెద్ద ఫీడింగ్ సిరంజి, దానికో సన్నటి ట్యూబు తెచ్చి, ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ రంధ్రంలోంచి లాగడం మొదలుపెట్టాను. ట్యూబు లోపల గేర్లకు అడ్డం తగిలి అడుగు దాకా పోలేదు. బండిని కుడికి వంచి లాగితే సగానికి పైగా వచ్చింది. "ఇదేదో బాగుందే, ఎప్పుడూ ఇట్లే తీస్తే బోల్టు గొడవే ఉండదు కదా" అన్నాడు పక్కింటాయన. ఉండదు, కానీ అడుగున పేరుకునే మడ్డి అట్లాగే ఉండిపోతుంది. బోల్టును అంత కిందికి పెట్టిందే దానికోసం. అయినా సగం ఆయిల్ బయటికి రావడం తర్వాత చాలా ఉపయోగపడింది.

ఇక బోల్టు తల. అందరూ చెప్పే చిట్కా ఏమిటంటే 16 సాకెట్‌ను సుత్తితో కొట్టి తలమీద ఎక్కించడం. ఇనుప ఆయిల్ ఛాంబరున్న కార్లకు పనికొస్తుందేమో. స్ప్లెండర్ క్రాంక్ కేస్, అంటే ఇంజిన్ అడుగు పెట్టె, అల్యూమినియం పోత. కింద నుంచి పైకి సుత్తితో దానిమీద బాదడానికి నాకు చేతులు రాలేదు. ఉలి పెట్టి అంచున కొట్టి తిప్పడమూ అంతే, ఒక్క దెబ్బ పక్కకు పడితే బోల్టు కూర్చునే చోటు చిట్లుతుంది. అప్పుడు పోయేది చిన్న బోల్టు కాదు, కేసు.

నేను ఆకురాయి తీసుకున్నాను. తలలో ఎదురెదురు పలకలు రెంటినీ సమంగా రాపిడి పెట్టి కొత్త పలకలు తీశాను. ఇది విసుగు పని. కానీ రెండు చదునైన పలకలు సమాంతరంగా వస్తే పట్టాక బిగుసుకుపోయే వైస్ గ్రిప్ ప్లేయరు గట్టిగా పట్టేస్తుంది, జారదు. పట్టింది కూడా. ఒళ్లంతా బరువు పెట్టి తిప్పినా బోల్టు వీసమెత్తు కదల్లేదు.

ఇప్పుడు సంగతి తేటపడింది. పట్టు దొరికాక కూడా కదలటం లేదంటే జబ్బు తలలో లేదు. ఆ బూడిదరంగు అట్ట మీద అనుమానమొచ్చింది. కిరోసిన్‌తో, పాత బ్రష్షుతో రుద్దితే బురదంతా పోయింది, అట్ట పోలేదు. గోటితో గీస్తే గోరు విరిగేలా ఉంది. ఎం-సీల్.

బావకు ఫోన్ చేశాను.

"అదా? ఆయిల్ కారతా ఉన్నింది రా. మన ఊళ్లో మెకానిక్కు ఏదో పూసినాడు. ఆ పొద్దు నుంచి చుక్క కారితే ఒట్టు."

"మరి ఆ తర్వాత ఆయిల్ ఎట్లా మార్చినావు బావా?"

"మార్చేదేముంది? తగ్గినప్పుడు పైన పోస్తా ఉంటి."

ఆ మెకానిక్కును తిట్టాలని ఉన్నా, ఎట్లా ఆలోచించాడో అర్థమైంది. మర పాడై కారుతోంది. సరిగా బాగుచేయాలంటే లేత్ షాపుకు పోవాలి, సగం రోజు బండి ఆగుతుంది, బావ ఆగే రకం కాదు. పూసేస్తే సాయంత్రానికి బండి నడుస్తుంది. ఊడదీయాల్సిన రోజు వచ్చేసరికి బండి ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ ఇంకొకరు నేను.

ఎం-సీల్ ఎపాక్సీ, అంటే ఆరితే రాయిలా గట్టిపడే జిగురు ముద్ద. వేడికి మెత్తబడుతుంది. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, ఎలక్ట్రీషియన్లు వాడే హాట్ ఎయిర్ గన్ అడిగి తెచ్చి అట్టను కాల్చి, మెత్తబడ్డ కొద్దీ సన్న స్క్రూడ్రైవరుతో గీకాను. మంట పెట్టే బ్లో టార్చి జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, చుట్టూ ఆయిలూ పెట్రోలూ ఉన్నచోట. వేడితో ఇంకో లాభం ఉంది. వేడెక్కితే అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టు ఉక్కు, దాని చుట్టూ కేసు అల్యూమినియం, కాబట్టి రంధ్రం బోల్టుకన్నా ఎక్కువ పెరిగి పట్టు సడలుతుంది. సడలింది కూడా, వైస్ గ్రిప్ కింద బోల్టు చిన్న శబ్దం చేసి కొంచెం తిరిగింది. ఆ వెంటనే నేను తీసిన పలకలు నలగడం మొదలైంది. మళ్లీ ఆపేశాను. తలలో ఇంకా ఇనుము మిగిలుండగానే వెల్డింగుకు పోవడం మేలు.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర్లో ఒక లేత్ షాపు ఉంది. నడిపేది ముళబాగిలు వైపు అన్న. ఇంట్లో తెలుగు, షాపులో కన్నడం, కోపమొస్తే రెండూ. బండి తోసుకుంటూ వెళ్లాను. ఆయన వంగి చూసి, "ఎంతమంది చేతులు పెట్టినారు సార్ దీంట్లో" అన్నాడు. నావీ కలిపి లెక్కేసుకోమన్నాను.

వెల్డింగంటే నాకు భయం ఉండింది గానీ ఆయన పద్ధతి చూశాక పోయింది. ట్యాంకు ముందే తీసేశాం, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు కూడా దింపేశాడు. బ్యాటరీ బయటపెట్టాడు, స్పార్క్ ఇచ్చే సీడీఐ పెట్టె సాకెట్ పీకాడు. గోనెపట్టాల మీద బండిని పక్కకు పడుకోబెట్టాడు, లేకపోతే కింద నుంచి పైకి వెల్డింగ్ చేయాలి, కరిగిన లోహం ముఖం మీదికి కారుతుంది. ఇసుక బకెట్ పక్కన పెట్టుకున్నాడు. ఎర్త్ క్లాంపును మాత్రం బోల్టుకు దగ్గరగా ఇంజిన్‌కే తగిలించాడు. "ఎందుకన్నా అంత దగ్గర?" అంటే, "హ్యాండిల్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల్లో నుంచి పోతాది, పోయేదారిలో గుంటలు పెడతాది" అన్నాడు. వెల్డింగ్ చేయించేవాళ్లు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు.

19 పానా పట్టే నట్టు ఒకటి తీసుకుని, బోల్టు తలమీద నడిమధ్యన కూర్చోబెట్టి, నట్టు రంధ్రం లోపలినుంచి తలకు అతికించాడు. ఉక్కు ఉక్కుకు అతుక్కుంటుంది, అల్యూమినియం కేసుకు అతుక్కోదు. ఒకవేళ నిప్పురవ్వలు పడినా గీకేస్తే వచ్చేస్తాయి. చిత్రమేమిటంటే కొత్త తల దొరకడంకన్నా ఆ వేడే ఎక్కువ పని చేస్తుంది. బోల్టు ఒక్కసారిగా ఎర్రగా కాగి ఉబ్బుతుంది, చల్లారుతూ కుంచించుకుంటుంది, ఆ గుంజాటనలో మరల పట్టు వదులుతుంది. నేను పానా అందుకోబోతే "స్వల్ప ఆగండి సార్" అని చేయి పట్టుకున్నాడు. వెల్డింగ్ ఎర్రగా ఉండగానే తిప్పితే నట్టు తెగి చేతికొస్తుందట. టీ తాగొచ్చాక, చేయి పెడితే వెచ్చగా తగిలేంత వేడిలో తిప్పాడు. అటు కొంచెం, ఇటు కొంచెం. ఒకేవైపు లాగితే పాడైన మరల ముక్కలు ఇరుక్కుని ఇంకా బిగుస్తుంది. కీచుమంటూ వచ్చేసింది.

బండిని నిలబెట్టగానే మిగిలిన ఆయిల్ కారింది. ఆయిల్ అనకూడదు, అడుగున దిగింది కాటుకలా చిక్కగా ఉంది. బోల్టు మరల మధ్య టెఫ్లాన్ టేపు ముద్ద, దానితోపాటు కేసు నుంచి ఊడొచ్చిన అల్యూమినియం తీగలు. పంపు ఫిట్టింగులకు చుట్టే ఆ టేపు ఇక్కడెందుకో! ఆయిల్‌ను ఆపేది మరలు కావు, తల కింద ఉండే వాషరు. ఆ అల్యూమినియం వాషరు మెత్తగా ఉండేది నలగడానికే. నలిగి సందులు పూడుస్తుంది, అందుకే ప్రతిసారీ కొత్తది వేయాలి. కొత్తది వేయకుండా పాతదాన్నే ఇంకా ఇంకా బిగిస్తూ పోతే చివరికి మర తెగుతుంది. తెగితే కారుతుంది. కారితే ఎం-సీల్. బావ బండి చరిత్ర అంతా అదే.

రంధ్రంలో మర ఇంచుమించు పోయింది. అన్న 14 సైజుకు ట్యాప్ కొట్టి, అంటే కొత్త మర కోసి, పెద్ద బోల్టు వేస్తానన్నాడు. వెంటనే అయిపోయే పని, ఖర్చూ తక్కువ. నాకు ఇష్టం లేకపోయింది. రేపు ఈ బోల్టు పోతే హిందూపురంలోనో లేపాక్షిలోనో ఈ సైజు దొరకదు. 12 సైజే ఉండేట్టు హెలికాయిల్ వేద్దామన్నాను. స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టి చేస్తారు, రంధ్రానికి కాస్త పెద్ద ట్యాపు కొట్టాక అందులో కొత్త మరగా కూర్చుంటుంది. మెత్తటి అల్యూమినియం మరకన్నా అది గట్టిది. "కిట్టు తెచ్చిస్తే వేస్తా, నా దగ్గర ఆ సైజు లేదు" అన్నాడు.

పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి కేఆర్ మార్కెట్ దగ్గర దిగాను. ఎస్‌జేపీ రోడ్డులో కిట్టు కొన్నాను. అడిగేటప్పుడు 12 ఎంఎం అంటే సరిపోదు, పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 1.5 అని కచ్చితంగా చెప్పాలి. లేదంటే 1.75 చేతిలో పెడతారు, మామూలు 12 బోల్టులన్నిటికీ అదే కాబట్టి. జేసీ రోడ్డులో కొత్త బోల్టు, పిడికెడు వాషర్లు, కుడి కవరు గాస్కెట్. ఆ మడ్డి చూశాక కవరు తెరవక తప్పదనిపించింది.

అన్న లేత్ మీద చిన్న గైడు బుష్ తిప్పుకున్నాడు, ట్యాపు వంకర పోకుండా. వంకర పోతే వాషరు ఒకవైపే కూర్చుని జీవితాంతం కారుతుంది. ట్యాపు గాడుల నిండా గ్రీజు పూసి కొంచెం తిప్పడం, బయటికి తీసి తుడవడం, మళ్లీ గ్రీజు. అల్యూమినియం పొట్టు లోపలికి పడకుండా గ్రీజుకు అంటుకుంటుంది. పొట్టు కోసం అయస్కాంతం పెడతామనేవాళ్లకు ఒక మాట, అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. కాయిల్ ఎక్కాక దాని చివర చిన్న నాలుక లాంటి ముక్క ఉంటుంది, దాన్ని విరగ్గొట్టాలి. ఆ ముక్క లోపల పడితే ఇంజిన్‌లో ఇనుము వదిలినట్టే. ఆయన కొట్టి విరవకుండా సన్నమూతి కటింగ్ ప్లేయరుతో పట్టుకుని వెనక్కీ ముందుకీ వంచి, చేతిలోకి తీసి నాకు చూపించాడు. పని తెలిసినవాళ్లు ఇట్లాంటివి చూపిస్తారు.

కుడి కవరు తెరిస్తే తిరిగే ఫిల్టరు గోడకు మడ్డి అంగుళంలో సగం మందాన పట్టి ఉంది. జల్లెడ సగం పూడుకుపోయింది. ఇంజిన్ ఇన్నాళ్లు ఎట్లా నడిచిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. అన్నీ కిరోసిన్‌తో కడిగి, గాస్కెట్ వేసి, చౌక ఆయిల్ కొంచెం పోసి కింద రంధ్రంలోంచి పొట్టంతా కొట్టుకుపోయేట్టు కార్చాం.

బిగించడం గురించి ఒక లెక్క. ఈ సైజు డ్రెయిన్ బోల్టుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. పాతిక సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలం పెడితే 25 దాకా వస్తుంది. అంటే మోచేతి బలం, భుజం బలం కాదు. పానాకు పైపు తొడగాల్సిన బోల్టు ఇది కానే కాదు. బిగించే బలం కొలిచే టార్క్ రెంచి లేనివాళ్లు వేలితో చివరిదాకా తిప్పి, వాషరు తగిలాక పొట్టి పానాతో చేయి బిగువు తెలిసేదాకా బిగిస్తే సరిపోతుంది.

10 డబ్ల్యూ 30 ఆయిల్ పోశాను. మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి రెండు మూడు నిమిషాలు ఇంజిన్ తిప్పి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూశాను. స్ప్లెండర్‌లో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే రంధ్రంలో ఆనించి చూడాలి, బిగించి చూస్తే లెవెల్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. తీసిన ఆయిల్‌ను అన్న షాపు డ్రమ్ములో పోశాను. పాత ఆయిల్ కొనేవాళ్లు అక్కడికి వస్తారు. మోరీలో పోసే అలవాటున్నవాళ్లు దయచేసి మానండి, చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.

బండి కింద అట్టముక్క పరిచి పెట్టాను, పొద్దున్నే చూస్తే పొడిగా ఉంది. మొదటి ఆయిల్‌ను త్వరగానే మార్చేశాను, మిగిలిన మడ్డి కూడా దానితోపాటు పోవాలని. ఈసారి బోల్టు ఆరు పలకల సాకెట్‌కు చిన్న ఒత్తిడితోనే వచ్చింది. వాషరు కొత్తది వేశాను. మిగిలిన వాషర్లలో సగం కవర్లో పెట్టి బావకు పంపాను, ఆయన కొత్త బండి సర్వీసు కూడా ఆ మెకానిక్కు దగ్గరే జరుగుతోంది.